ముడుపులో పెట్టిన ఐదు రూపాయల బిళ్ల: మింట్ ఎర్రరా, పాడైనదా?

ప్రశ్న (చిత్తూరు)
నికెల్ ఇత్తడి ఐదు రూపాయల బిళ్ల, సంవత్సరం కింద నక్షత్రం గుర్తుంది. తిరుమల మొక్కుకని పసుపుబట్టలో ముడుపు కట్టి ఏళ్ల తరబడి దేవుడి గూట్లో ఉంచారు. ఇప్పుడు విప్పితే ఒకవైపు బట్ట నేతలాంటి గళ్లు, అంకె పక్కన రాగిరంగు మచ్చ. అక్షరాలు సన్నబడ్డాయి. బరువు 5.62 గ్రాములు, వ్యాసం 22.9 మి.మీ. ముద్ర కొట్టే అచ్చుకు గుడ్డ అడ్డుపడిన మింట్ ఎర్రరని (టంకశాలలోనే జరిగిన తప్పని) ఒకరు, పొరపాటున ముద్ర లేని రాగి బిళ్ల మీద కొట్టినదని మరొకరు అంటున్నారు. ఏది నిజం? చింతపండుతో తోమితే తేలుతుందా?

జవాబు 1 (తిరుపతి)
తోమకండి, ముందు చూడండి. టంకశాలలో గుడ్డముక్క అచ్చుకీ బిళ్లకీ మధ్య చిక్కితే దారాలు లోహంలోకి దిగబడతాయి. నేత గుంటలుగా పడుతుంది, ఆ చోట అక్షరాలు సరిగా లేవవు. మీ గళ్లు అక్షరాల మీదుగా కూడా రంగుగానే సాగి, అక్షరాల ఎత్తు తగ్గకపోతే అవి తడిసిన ముడుపుబట్ట మరకలు.

చీకటి గదిలో ఒకే లైటును నాణేనికి పక్కనుంచి, బాగా వాలుగా పట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ 10 రెట్ల లెన్సుతో చూడండి. గళ్లలో నీడ పడకపోతే మరకే. నీడ పడినా వెంటనే ఎర్రర్ అనుకోవద్దు, గుంట అడుగు చూడాలి. ఒత్తిడికి పడిన గుంట అడుగు నున్నగా ఉంటుంది. తుప్పు తిన్నది గరుగ్గా, అంచులు చిరిగినట్టు ఉంటుంది.

జవాబు 2
రాగి మచ్చ సంగతి. ఈ బిళ్లలో రాగితోపాటు జింకు, నికెల్ ఉంటాయి. తేమ, ఉప్పు, పులుపు తగిలితే ముందు పైపొరలో జింకు కరిగిపోతుంది, రాగి మిగిలి ఎర్రగా కనిపిస్తుంది. చింతపండు, నిమ్మకాయ చేసేదీ అదే. నిజంగా వేరే లోహపు బిళ్ల అయితే రంగు అంచుతో సహా అంతటా ఒకేలా ఉండాలి, ఒక మచ్చగా ఉండదు.

మీ కొలతలే అసలు సాక్ష్యం. ఈ రకానికి ప్రామాణికం 6 గ్రాములు, 23 మి.మీ. టంకశాలలోనే బిళ్ల పలచగా వచ్చి ఉంటే బరువు తగ్గేది, కానీ ముద్ర వేసేటప్పుడు చుట్టూ ఉక్కు వలయం ఉంటుంది కాబట్టి వ్యాసం దాదాపు 23 దగ్గరే ఉండేది. మీదాంట్లో రెండూ తగ్గాయి. చుట్టూరా తినేసిన నాణెం తీరు అది. తూకం మీద అనుమానముంటే అదే రకం కొత్త బిళ్లలు పది అదే త్రాసులో తూచి పోల్చండి. 0.01 గ్రాము చూపే త్రాసు కావాలి.

జవాబు 3
ఇంకొక్క మాట, ఎందుకంటే ఇలాంటివి చూపించి డబ్బు గుంజేవాళ్లున్నారు. అచ్చు పగిలితే నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది, అచ్చు తుప్పు పడితే బొడిపెలు వస్తాయి. లోపలికి దిగిన గీతకు రెండు పక్కలా లోహం గట్టులా లేచి ఉంటే అది తర్వాత పడిన గాటు. అక్షరాలు తిరగబడి గుంటగా ఉన్నంత మాత్రాన ఎర్రర్ కాదు, రెండు నాణేలను కలిపి బిగించి ఒత్తినా అలాగే అవుతుంది. అప్పుడు అడుగున పాత ముద్ర చదునై ఇంకా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు
గళ్లకు నీడ పడలేదు, మరకే. మరి శుభ్రం చేయడం?

జవాబు 1
గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి పది నిమిషాలు నానబెట్టండి. పసుపు రంగు కరుగుతుంది, లోహానికి ఏమీ కాదు. కిటికీ తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయండి. గోళ్లరంగు తుడిచే ద్రవం వద్దు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు. రుద్దకుండా ఆరనివ్వండి. రాగి మచ్చ మాత్రం పోదు. సేకరణ విలువ ఏమీ లేదు కాబట్టి, మొక్కు ఇంకా తీర్చకపోయి ఉంటే శ్రీవారి హుండీలో వేసేయవచ్చు.