సింగపూర్‌లో మన లైసెన్స్‌తో కారు నడపొచ్చా?

అందరికీ నమస్కారం. పోయిన నెలే విజయవాడ నుంచి వచ్చి సెంగ్‌కాంగ్‌లో దిగాం. నాది ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఇక్కడ ఉద్యోగం చేసే విదేశీయులకిచ్చే పర్మిట్). పదేళ్లుగా కారు నడుపుతున్నా. ఇక్కడ మన లైసెన్స్ చెల్లుతుందా? కారు కొనేస్తే మంచిదా? నాలుగేళ్ల పాప ఉంది.

— తమ్ముడూ, చెల్లుతుంది, కానీ 12 నెలలే. ఆ తర్వాత కూడా దాంతోనే నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. ఈలోపు సింగపూర్ లైసెన్స్‌కి మార్చుకో. కారు నడిపి చూపించక్కర్లేదు, బీటీటీ, అంటే రూల్స్ మీద పెట్టే బేసిక్ థియరీ టెస్ట్, పాసైతే చాలు. 50 ప్రశ్నల్లో 45 కరెక్టవ్వాలి. "ఇన్నేళ్లుగా నడుపుతున్నాం, కొత్తగా చదివేదేముంది" అని పుస్తకం తిరగేయకుండా వెళ్లి, నేను 43తో ఇంటికొచ్చా. ఇప్పటికీ 43 నంబర్ బస్సు కనపడితే మా ఆవిడ నా వంక చూసి నవ్వుతుంది.

నన్ను ముంచింది మన ఫ్రీ లెఫ్ట్. బెంజ్ సర్కిల్ అలవాటు ఇక్కడికి మోసుకురాకు. రెడ్ పడితే ఎడమకి తిరిగేవాడు కూడా ఆగాల్సిందే, అక్కడ ప్రత్యేకంగా బోర్డు పెట్టి ఉంటే తప్ప. రెడ్ దాటితే 400 డాలర్ల ఫైన్, పైగా 12 డీమెరిట్ పాయింట్లు (తప్పు చేస్తే లైసెన్స్ మీద పడేవి). రెండేళ్లలో 24 పోగైతే లైసెన్స్ సస్పెండ్, అంటే రెండు సిగ్నళ్లు దాటితే చాలన్నమాట. బస్ లేన్ల వేళలు, క్రాసింగ్ ముందు ఉండే వంకర గీతలు కూడా బాగా చదువుకో. హారన్ సంగతి అడగొద్దు, నాకు చెయ్యి దురద పోవడానికే ఆర్నెల్లు పట్టింది.

కారు మాత్రం ఇప్పుడే కొనకు. కారు ధర ఒక ఎత్తు, సీఓఈ (ఇక్కడ కారు పెట్టుకోవడానికి సర్కారు నుంచి కొనాల్సిన పర్మిట్) ఒక ఎత్తు. నెలకు రెండుసార్లు వేలం వేస్తారు, పదేళ్లకే చెల్లుతుంది. ఈమధ్య చిన్న కార్లకే లక్ష డాలర్లు దాటింది. మన డబ్బులో అరవై లక్షల పైమాటే, అదీ కారు రాకముందే! ఎంఆర్‌టీలో (ఇక్కడి మెట్రో రైలు) తిరుగు, కావాల్సినప్పుడు గంటల లెక్కన అద్దెకి తీసుకో.

— అన్నయ్యగారు పాప సంగతి మర్చిపోయారు. 1.35 మీటర్ల ఎత్తు లోపు పిల్లలకి చైల్డ్ సీటో బూస్టరో ఉండాలండీ. ట్యాక్సీకి మినహాయింపు ఉంది. యాప్‌లో వచ్చే ప్రైవేట్ హైర్ కారుకి లేదు! బుక్ చేసేటప్పుడే సీటున్న బండి అడగండి. మేం లిటిల్ ఇండియా నుంచి సామాన్లతో వస్తుంటే, చైల్డ్ సీటు లేదని డ్రైవర్ బాబుని ఎక్కించుకోనన్నాడు, ఆయన తప్పేం లేదు.

— ఇంకో మాట. సింగపూర్ బండిలో సరిహద్దు దాటి మలేషియాలోని జోహోర్ వెళ్తే ట్యాంకు ముప్పావు నిండి ఉండాలి, లేకపోతే చెక్‌పోస్టు నుంచే వెనక్కి పంపుతారు. అక్కడ పెట్రోలు చౌకని ఖాళీ ట్యాంకుతో బయల్దేరకండి. మలేషియా నంబర్ బండి ఎవరైనా ఇచ్చినా ఇక్కడ నడపొద్దు. మనలా పాస్ మీద ఉండేవాళ్లకి అది కుదరదు.

— అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఉబిలో బీటీటీ స్లాట్ బుక్ చేశా, పుస్తకం కూడా మొదలెట్టా. ఎవరి దగ్గరైనా పాత బూస్టర్ సీటుందా?

— మా బాంబ్ షెల్టర్‌లో (ఇక్కడ ఫ్లాట్లలో ఉండే గట్టి గోడల గది, మాకు స్టోర్ రూమ్) ఒకటి పడుందండీ. బాబుకి పొడవు దాటిపోయింది. శనివారం వచ్చి పట్టుకెళ్లండి, ఎంఆర్‌టీలోనే.