సురినామ్ యూదుల తోటల్లో పనిచేసిన బానిసల వివరాలు ఎలా వెతకాలి?

అందరికీ నమస్తే, దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్ వాళ్ళ వలస అయిన సురినామ్ దేశంలో, సురినామ్ నది ఒడ్డున ఉన్న పాత యూదుల ఊరు యోడెన్‌సావన్నె గురించి చదువుతున్నా. స్పెయిన్, పోర్చుగల్‌లో మతహింస తట్టుకోలేక వెళ్ళిపోయిన యూదుల వారసులు అక్కడ చెరకు తోటలు వేసి 1685లో ఇటుకలతో సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడా కట్టుకున్నారు, కానీ ఆ చెరకు నరికి, గానుగాడి, రాత్రంతా బెల్లప్పెనాల దగ్గర నిలబడింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. దొరికేవన్నీ యజమానుల కథలే, బాధగా ఉంది. బానిస వ్యాపారం మొత్తం యూదులే నడిపారని కొందరు రాసేది పచ్చి అబద్ధం, అట్లాంటిక్ మొత్తంలో వాళ్ళ వాటా చిన్నదే, అలాగని సురినామ్‌లో జరిగింది దాచకూడదు కదా. 1830 నుంచి 1863 దాకా బానిసల రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, నాకేమో డచ్ రాదు. తోట పేరుతో అందులో మనుషుల పేర్లు ఎలా వెతకాలో, 1759లో సురినామ్ రాజధాని పరమారిబోలో నల్లజాతి యూదులు సొంతంగా పెట్టుకున్న దార్హే జెసారిమ్ అనే సంఘం గురించి ఇంగ్లీషులో ఏం చదవాలో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.