మంచులో జారడానికి ఇంట్లో ఉన్నవాటిలో ఏవి పనికొస్తాయి?

మంచు బాగా కురిసింది. జారుడుబండి కావాలని పిల్లలిద్దరూ ప్రాణం తోడేస్తున్నారు. కొనే ఉద్దేశం లేదు. అట్టపెట్టెను చెత్తసంచిలో చుట్టి కూర్చోబెడితే కాసేపు జారింది, తర్వాత తడిసి ముద్దయింది. బట్టల టబ్బేమో మెత్తటి మంచులో కూరుకుపోతోంది. అడుగు వెడల్పుగా ఉంటేనే బరువు పరుచుకుని తేలుతుందనుకుంటాను. ఇక మిగిలినవి పాత యోగా చాప, గాలి నింపే ఈతచక్రం. ఏది మేలు? అడుగున కొవ్వొత్తి మైనం రుద్దితే నిజంగా తేడా ఉంటుందా? ఈతచక్రం గిర్రున తిరిగితే పిల్లలు దాన్ని ఆపలేరన్నదే నా భయం. చెట్లు, రోడ్డు లేని వాలునే ఎంచుకున్నాను, హెల్మెట్లు కూడా ఉన్నాయి. చిన్నమ్మాయికి మాత్రం జారడం కన్నా ప్లాస్టిక్ డబ్బాలతో మంచు ఇటుకలు చేయడమే ఇష్టం. వాటిపై వంటరంగు నీళ్లు చల్లితే చేతితొడుగులకు మరకలు పడతాయా?