టైటిల్స్‌లో "మాటలు" అని పడే పేరు మీలో ఎంతమంది చదువుతారు?

సోఫామూల:

మొన్న రాత్రి ఇంట్లో కరెంటు పోతే నా నోట్లోంచి దానంతటదే "ఒరేయ్ ఆంజనేలూ..." అని వచ్చేసింది. మా పాపకి పదేళ్లు. ఆంజనేలు ఎవరు నాన్నా అంది. ఇంకేముంది, చీకట్లో కూర్చోబెట్టి అమృతం కామెడీ సీరియల్ గురించి మొదలుపెట్టాను, ఆంజనేలుగా వేసిన గుండు హనుమంతరావు గారు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్, సర్వం, అప్పాజీ, హోటలు, మొత్తం గడగడా అప్పజెప్పా. అంతా విని "మరి అవన్నీ ఎవరు రాశారు?" అంది. నోరు పడిపోయింది నాకు. 2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి పెళ్లి భోజనానికి పిలిచినా కదలకుండా చూసినవాణ్ణి. గుణ్ణం గంగరాజు గారిని నిర్మాతగానే గుర్తుపెట్టుకున్నాను తప్ప రాత మనిషిగా ఒక్కసారి కూడా అనుకోలేదు.

అందుకే అడుగుతున్నా. మీకు ఇష్టమైన సీరియల్ ఏదైనా సరే, దాన్ని రాసినవాళ్ల పేరు తెలుసా? తెలిస్తే వాళ్ల రాతలో మీకు నచ్చిందేంటో కాస్త చెప్పండి. "సూపర్ అన్నా" అని వెళ్లిపోవద్దు ప్లీజ్.

పెసరట్టుప్రియ:

అమృతం గురించే నాకెప్పటినుంచో ఒక మాట చెప్పాలని ఉంది. హీరోని రెండుసార్లు మార్చారు, గమనించారా? అమృతం భార్య సంజీవినిగా వేసినవాళ్లూ మారారు. మామూలు సీరియల్లో అయితే "ఇప్పటినుంచి ఈ పాత్రలో వీరు" అని కింద స్క్రోలింగ్ వేసినా జనం నెల రోజులు తిట్టుకుంటారు. ఇక్కడ రెండో వారానికే అలవాటైపోయాం. ఎందుకంటే అమృతం అంటే ఒక మొహం కాదు కదా, వాడి బుర్ర. కష్టపడకుండా డబ్బు రావాలి, దానికో వంకర ఐడియా కావాలి, అందులోకి స్నేహితుడు ఆంజనేలుని ఈడ్చాలి, చివరికి ఇద్దరూ మునగాలి. ఇది కాగితం మీదే గట్టిగా ఉంది, ఎవరు వేసినా నిలబడింది. ఆంజనేలుని మాత్రం మార్చి ఉంటే నేను టీవీ పగలగొట్టేదాన్ని, అది వేరే విషయం.

టైటిల్ సాంగ్ సిరివెన్నెల గారిదని తెలిసినప్పుడు కూడా నమ్మలేదు. అరగంట కామెడీ కోసం ఆయన అంత పాట రాయడమేంటి! ఆ మూడో అమృతం హర్షవర్ధన్ తర్వాత ఇష్క్, మనం సినిమాలకి మాటలు రాశాడు, అది కూడా చాలామందికి తెలీదు.

రిటైర్డ్‌మాస్టారు:

నాయనా, నాది మీకంటే ముందు తరం. 1988లో మా వీధి మొత్తానికి రెండు టీవీలు. ఆదివారం పొద్దున మహాభారతం హిందీలో వచ్చేది, మా అమ్మకి హిందీ ముక్క రాదు, అయినా చేతులు జోడించి కూర్చునేది. మా తమ్ముడి కొడుకు వాళ్ల నాన్నని "పితాశ్రీ, అర్ధరూపాయి ఇవ్వండి" అని అడిగేవాడు. ఆ పితాశ్రీ, మాతాశ్రీ అనే పిలుపులు వ్యాసుడివని అప్పట్లో అనుకున్నాను. కాదు. వాటిని అంత వాడుకలోకి తెచ్చింది ఆ సీరియల్‌కి మాటలు రాసిన రాహీ మాసూమ్ రజా. ఉర్దూలో అబ్బాజాన్, అమ్మీజాన్ ఉన్నాయి కదా, ఆ ఒరవడిలోనే.

ఉత్తరప్రదేశ్‌లో గాజీపూర్ వైపు మనిషి, ముస్లిం, నవలాకారుడు. నిర్మాత బి.ఆర్. చోప్రా అడిగితే మొదట ఒప్పుకోలేదట. ఆయన పేరు బయటికి రాగానే, రాయడానికి హిందువులే దొరకలేదా అని ఉత్తరాలు వచ్చాయట. చోప్రా ఆ ఉత్తరాలు తీసుకెళ్లి ఆయనకే ఇచ్చారు. అవి చదివాక, నేనూ గంగ బిడ్డనే, నేనే రాస్తాను అన్నాడని చెబుతారు. 94 ఎపిసోడ్లు. కథ చెప్పేది వ్యాసుడు కాదు, సూతుడు కాదు, కాలం. తెర మీద తిరిగే చక్రం, వెనకనుంచి ఒక గొంతు. ఆ గొంతు వినపడితే మా అమ్మ వంటింట్లో స్టవ్ ఆర్పేసి వచ్చేది. 1992లో ఆయన పోతే పేపర్లో నాకు కనిపించింది చిన్న వార్తే.

నిజంచెప్తా:

అందరూ పొగుడుతున్నారు, నేను కొంచెం పుల్ల పెడతా. ఒక చెంపదెబ్బ మూడు రోజులు సాగదీసేది ఎవరు, రైటర్లే కదా? ముగ్గురి మొహాలు, ఉరుము సౌండు, మళ్లీ ముగ్గురి మొహాలు. మా అత్తగారు అరగంట సీరియల్ పావుగంటలో చూడటం నేర్చుకుంది, యాడ్స్ కాదు, రియాక్షన్లు దాటించి.

కానీ న్యాయంగా ఒకటి చెప్పాలి. మొగలిరేకులు నటుణ్ణి ఇప్పటికీ జనం ఆర్.కె. నాయుడు అనే పిలుస్తారు, అసలు పేరు అడిగితే తడుముకుంటారు. డైరెక్టర్ మంజులా నాయుడు గారి పేరు తెలుసు. రాసిన బిందు నాయుడు గారి పేరు ఎంతమందికి తెలుసు?

పేరులేనిమాటలు:

@నిజంచెప్తా అన్నా, ఆ చెంపదెబ్బ గురించి నేను చెప్తా. ఒక డైలీ సీరియల్‌కి ఏడాదిన్నర అసిస్టెంట్ డైలాగ్ రైటర్‌గా చేశాను, ఏదని అడగకండి. హీరోయిన్ బెంగళూరు అమ్మాయి, తెలుగు రాదు. కెమెరా వెనక నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ చెప్తుంటే వింటూ అనేది, తర్వాత వేరేవాళ్లు డబ్బింగ్. అందుకని వాక్యం పొడుగ్గా రాయకూడదు. "నువ్వు ఆ రోజు గుడి దగ్గర చెప్పిన మాట నేను ఇంకా మర్చిపోలేదు" అని రాస్తే మా సీనియర్ పెన్నుతో మూడు ముక్కలు చేసేవారు: ఆ రోజు. గుడి దగ్గర. నువ్వన్న మాట. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీలో ఇంకొకరి మొహం. మీరు తిట్టుకునే సాగదీత సగం అక్కడే పుడుతుంది.

ఒకరోజు పొద్దున ఏడింటికి ఫోన్, అత్త పాత్ర ఆవిడకి జ్వరం, షూటింగ్‌కి రావట్లేదు. ఆ రోజు మొత్తం అత్తాకోడళ్ల గొడవే! మా సీనియర్ లొకేషన్లో మెట్ల మీద కూర్చుని, గొడవంతా మూసిన తలుపు ఇవతల కోడలు ఒక్కతే మాట్లాడేట్టు మార్చేశారు. లోపల అత్త ఉంది, జవాబివ్వదు. ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టుకుని నలభై నిమిషాల్లో రాశారు. ఆ వారం అందరూ మెచ్చుకున్న సీన్ అదే, అత్త మౌనం భలే ఉందన్నారు. టైటిల్స్‌లో మాత్రం ఆయన పేరు లేదు, నాది సరేసరి. బాకీ డబ్బులు ఇంకా రావాలి.

లాగిన్‌మర్చిపోయా:

90's వెబ్ సిరీస్ చూశారా, ఈటీవీ విన్ ఓటీటీలో 2024లో వచ్చింది? రాసిందీ తీసిందీ ఆదిత్య హాసన్. ఆరే ఎపిసోడ్లు. లెక్కల మాస్టారు నాన్న. మా ఇంట్లో మైకు పెట్టి విని రాశాడేమో అనిపించింది.

సోఫామూల:

@పేరులేనిమాటలు తమ్ముడూ, ఆ మూసిన తలుపు సీన్ ఏ సీరియల్‌దో నాకు అర్థమైంది అనుకుంటున్నా, మా అమ్మ రెండుసార్లు చూసింది. పేరు రాయను. ఆ మెట్ల మీద రాసినాయన ఇంకా రాస్తున్నారా?

పేరులేనిమాటలు:

రాస్తున్నారన్నా. ఇప్పుడు రెండు సీరియల్స్. ఒకదాంట్లో పేరు పడుతోంది.