యూత్ మీటింగ్‌కి వచ్చిన కొత్తవాళ్ళు రెండో వారం కనిపించట్లేదు, ఏం చేయాలి?

బ్రాడీపేట తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది గుంటూరులో చిన్న సంఘం, యూత్ అంతా కలిపితే పాతికమంది. చుట్టూ హాస్టళ్ళే కాబట్టి నెలనెలా ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు, ఆరాధన అయ్యాక వెనక ఫోన్ చూసుకుంటూ నిలబడి, మేము కీబోర్డు వైర్లు చుట్టేలోపు వెళ్ళిపోతారు. పోయిన నెల వాళ్ళకోసమే శనివారం సాయంత్రం అంత్యాక్షరి, మ్యూజికల్ చైర్స్, తర్వాత బిర్యానీ పెట్టాం. తొమ్మిదిమంది వచ్చారు. వచ్చే ఆదివారానికి మిగిలింది ఒక్కడు. పైగా చర్చిలో ఈ ఆటలేంటని ఒక పెద్దాయన పాస్టర్ గారి దగ్గర పంచాయితీ. డిసెంబర్‌లోపు ఇంకోటి పెట్టాలనుంది. ఎక్కడ దెబ్బతిన్నామంటారు?

జిగురు గిన్నె అక్క:
తమ్ముడూ, అంత్యాక్షరి మన చర్చి పాటలతోనే పెట్టారా? అయితే అక్కడే పోయింది. నేను డిగ్రీ ఫస్టియర్‌లో ఇలాంటిదానికే వెళ్ళా. ఒక అక్షరం ఇవ్వగానే చుట్టూ అందరూ అందుకుంటున్నారు, నాకు ఒక్కటీ రాదు, గంటసేపు చప్పట్లు కొడుతూ కూర్చున్నా. ఆఖర్న మైకు తెచ్చి "సిస్టర్, ఒక సాక్ష్యం చెప్పండి" అన్నారు, అంటే దేవుడు నాకు చేసిన మేలు అందరిముందు చెప్పాలన్నమాట. గొంతు తడారిపోయింది, మళ్ళీ అటు వెళ్తే ఒట్టు. తర్వాత నేను కుదురుకున్న సంఘంలో అసలు ఆటలే లేవు. సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే చేసుకునే క్రిస్మస్ వేడుక) ముందురోజు స్టార్ తయారుచేస్తున్నాం రమ్మని, నా చేతికి జిగురు గిన్నె ఇచ్చి రంగు కాగితాలు అంటించమన్నారు. వేళ్ళన్నీ అతుక్కుపోయి ఒకటే నవ్వు, పక్కనున్నామె ఊరు పేరు కూడా అలాగే తెలిసింది. ఇంకోటి, అమ్మాయిల హాస్టల్ గేటు చాలాచోట్ల ఎనిమిదికే వేసేస్తారు, బిర్యానీ ఎనిమిదిన్నరకి వస్తే ఎవరికి?

పాత సెక్రటరీ:
అక్క చెప్పింది నిజం. మ్యూజికల్ చైర్స్ కూడా వద్దు బ్రదర్, అందులో ముందు అవుటయ్యేది మొహమాటస్తులే, ఎవరికోసం పెట్టామో వాళ్ళనే మొదట పక్కన కూర్చోబెడుతున్నాం. త్రోబాల్ లాంటిది పెట్టి, పుట్టిన నెలని బట్టి టీములు చేయండి, లేకపోతే మనవాళ్ళంతా ఒకవైపు చేరిపోతారు (మా దగ్గర క్వయర్ వాళ్ళని విడదీయడానికే పావుగంట పట్టేది). నెలాఖరున తలకి వందా నూటయాభై అని వసూలు చేయకండి, హాస్టల్ పిల్లలు డబ్బుల్లేవని చెప్పలేక రావడమే మానేస్తారు. పెద్దాయన సంగతంటారా, బాస్కెట్‌బాల్ పుట్టిందే అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ (యువకుల క్రైస్తవ సంఘం) శిక్షణ పాఠశాలలో, 1891లో జేమ్స్ నైస్మిత్ చేతిలో. వాలీబాల్ కూడా 1895లో అమెరికాలోనే ఇంకో వైఎంసీఏలో. ఇది చెప్పి వాదన పెట్టుకోకండి, ఊరికే మీ ధైర్యానికి. ఆయన చేతికి విజిల్ ఇచ్చి అంపైర్‌గా నిలబెట్టండి, చాలు.

రూమ్మేట్:
నేను క్రిస్టియన్ కాదు, అయినా ఒక మాట. మావాడు ఒకసారి "ఊరికే పార్టీ రా" అని తీసుకెళ్ళాడు, కేకు కోసేముందు ముప్పావుగంట ప్రసంగం. ప్రసంగానికి కాదు, చెప్పనందుకు కోపమొచ్చింది. మరుసటేడు "క్యారల్స్‌కి వెళ్తున్నాం, ఇంటింటికీ పాట, ప్రార్థన ఉంటాయి, వస్తావా" అని సూటిగా అడిగాడు. వెళ్ళా. డప్పు నాకే ఇచ్చారు, నాలుగిళ్ళలో కేకు తిన్నా. ఆ తర్వాత వెంటనే మీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పడేయకండి బాబూ, తెల్లారేసరికి నలభై గుడ్ మార్నింగులు.

బ్రాడీపేట తమ్ముడు:
అందరికీ థ్యాంక్స్. అక్కా, మన పాటలతోనే పెట్టాం, నిజమే. ఈసారి స్టార్ పని, త్రోబాల్, ఏడింటికల్లా భోజనం, ఖర్చు యూత్ కానుకల్లోంచి. ప్రార్థన ఉంటుందని ముందే చెప్పి పిలుస్తాం. అన్నట్టు ఆ మిగిలిన ఒక్కడు ఎందుకు మిగిలాడో ఇప్పుడు వెలిగింది. ఆ రోజు మనుషులు చాలక, వాడు ఎవరో కూడా చూసుకోకుండా బిర్యానీ డేగిసా పట్టుకోవడానికి నాతోపాటు ఆటో ఎక్కించుకుపోయా.