అమ్మ "నరాల బిళ్ళ" ఆగితే చేతులు వణుకుతున్నాయి, ఎలా మాన్పించాలి?

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అమ్మకు 67 ఏళ్ళు. ఏలూరులో ఒక్కతే ఉంటుంది. 2019లో నాన్న పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా అమ్మకు కంటి మీద కునుకు లేదు. అప్పుడు అక్కడి డాక్టరు గారు ఆల్ప్రజోలం 0.25 రాత్రిపూట ఒకటి చొప్పున పదిహేను రోజులకు రాశారు. ఆ చీటీ ఇప్పటికీ అమ్మ పర్సులోనే ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించి మరీ దాచుకుంది. పదిహేను రోజులు కాస్తా ఏళ్ళకేళ్ళు అయ్యాయి, 0.25 కాస్తా 0.5 అయింది. నిరుటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకో అరబిళ్ళ. నెలకు పదిహేనేసి బిళ్ళల స్ట్రిప్పులు మూడు. షాపువాళ్ళు నాన్నకు తెలిసినవాళ్ళే, అడగగానే ఇస్తారు.

అమ్మ దాన్ని నిద్రమాత్ర అనదు, నరాల బిళ్ళ అంటుంది. ఏ డాక్టరు అడిగినా "బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, అంతేనండి" అని చెబుతుంది. ఇది ఆ లెక్కలోకే రాదు.

మొన్న దసరాకు హైదరాబాద్ మా ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడే స్ట్రిప్పు అయిపోయింది. మా వీధి చివరి మెడికల్ షాపులో ఆ పాత చీటీ చూపిస్తే కుదరదన్నారు. నాలుగు రోజులేగా, పోనీలే అనుకున్నాం. ఆ రాత్రి నిద్ర లేదు, మర్నాడూ లేదు. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తే సాసరులో కప్పు గలగలలాడుతోంది. రెండు చేతులతో పట్టుకున్నా ఆగలేదు. ఒళ్ళంతా చెమట. ట్యూబులైటు కళ్ళలో గుచ్చుకుంటోంది, ఆర్పెయ్యమంది. మిక్సీ వేస్తే ఉలిక్కిపడి లేచి కూర్చుంది. క్లినిక్‌కి తీసుకెళ్తే బీపీ 170/100 ఉందని మందు పెంచి పంపారు.

చివరికి తమ్ముడు సున్నుండల డబ్బాలో రెండు స్ట్రిప్పులు పెట్టి ట్రావెల్స్ బస్సుకిచ్చి పంపాడు. రాత్రి తొమ్మిదికి వేసుకుంది. పదిన్నరకల్లా వణుకు లేదు, చెమట లేదు, పక్కింటావిడకు సీరియల్ కథ చెబుతోంది. నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ వేసింది.

ఈ మధ్య మతిమరుపు కూడా ఎక్కువైంది. పొయ్యి మీద పాలు మరిచిపోతోంది. శ్రావణమాసంలో బాత్రూంలో పడింది, అదృష్టం కొద్దీ చెయ్యి బెణికి ఊరుకుంది. వయసు అనుకున్నాం. ఇదే కారణమా? మాన్పించాలంటే ఎలా? నెమ్మదిగా కదిపితే "నేనేమన్నా తాగుబోతునా, డాక్టరు రాసిందేగా వేసుకుంటున్నా" అని ఏడ్చింది.

---

కౌంటర్ వెనకాల:

అమ్మా, పంతొమ్మిదేళ్ళుగా కర్నూలులో మందుల షాపులో పనిచేస్తున్నాను. ముందు ఒక్క మాట: హఠాత్తుగా ఆపొద్దు. ఇన్నేళ్ళు రోజూ వేసుకున్నాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మీరు చూసిన వణుకు, చెమట, వెలుతురూ చప్పుడూ పడకపోవడం ఆ దారిలో మొదటి మైలురాళ్ళే.

స్ట్రిప్పు తిప్పి చూడండి, ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. ఆ రూలు 2014 నుంచి అమలులో ఉంది. చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. హైదరాబాద్ షాపు చేసింది రూలు ప్రకారమే. ఏలూరు షాపు చేసింది మొహమాటం. మాలాంటి వాళ్ళం చాలామందిమి చేసిన పనే, నేనేదో శుద్ధపూసనని చెప్పను. పెద్దావిడ ఎండలో నడిచొచ్చి "ఒక్క స్ట్రిప్పు నాయనా" అంటే లేదనడానికి నోరు రాదు.

అయితే మీరు కోపంగా ఆ షాపుకి ఫోను చేసి ఇవ్వొద్దని మాత్రం చెప్పకండి. మంచి చేద్దామని పిల్లలు అలా చెప్పడం, షాపువాడు భయపడి ఆపెయ్యడం, నాలుగో రోజు ఆ తల్లి క్యాజువాలిటీలో ఉండడం నేను చూశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా ఇప్పుడున్న మోతాదు నడవనివ్వండి.

ఇంకోటి. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. గ్యాసుకని ఇచ్చే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజిపాక్సైడ్ ఉంటుంది, గుండెదడకిచ్చే కొన్నిటిలో క్లోనజిపాం కలిపి ఉంటుంది. అవన్నీ ఈ ఆల్ప్రజోలం అన్నదమ్ములే. ఒక్కటే వేసుకుంటున్నానని అనుకుంటారు గానీ, సంచి బోర్లిస్తే ముగ్గురు బయటపడతారు.

---

సూటిగా:

ఇదంతా మనసు బలహీనత అండి. మా నాన్నవి దాచేశాం. వారం రోజులు నానా గొడవ చేశాడు, తర్వాత మామూలే. పడుకునే ముందు గోరువెచ్చని పాలివ్వండి చాలు.

---

మంజీర ఒడ్డు:

సూటిగా గారూ, మీ నాన్న అదృష్టం బాగుంది, అంతే. మాది బోధన్ వైపు. కల్తీ కల్లు అంటే ఏందో మాకు బాగా ఎరుక. అందులో కలిపేది గీ ఆల్ప్రజోలమే, దాని అన్నదమ్ముడు డయాజిపామే. తాగేటోళ్ళకు కల్లు అలవాటైంది అనుకుంటం గానీ నిజంగా అలవాటైంది మందు. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసిన్రు గదా, నాలుగైదు రోజులకే ఒక్కొక్కరు వింతవింతగా చేసుడు షురూ చేసిన్రు. ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్ ముంగట జనం బారులు కట్టిన సంగతి పేపర్లల్ల వచ్చింది. మా పెదనాయన నిలబడ్డ చోటనే ఫిట్స్ వచ్చి పడ్డడు. అంతకుముందు ఎన్నడూ లేకుండె. పొలంల మూట ఎత్తే మనిషి. మనసు బలహీనమంటే నేను నమ్మను.

అక్కా, అమ్మను తిట్టకు. ఆమె తాగుబోతు కాదు, అది నిజమే. కానీ ఒంట్లో జరిగేది మాత్రం మా పెదనాయనకు జరిగినదే.

---

రాత్రి షిఫ్టు:

గోదావరిఖనిలో ఉంటాను. షిఫ్టులు మారి మారి నిద్ర పట్టక క్లోనజిపాం మొదలుపెట్టాను. ఎనిమిదేళ్ళలో 0.5 నుంచి 2 దాకా వెళ్ళాను. ఒకసారి పౌరుషానికి పోయి ఆపేశాను. ఐదో రోజు బామ్మర్ది పెళ్ళిలో, భోజనాల బల్ల దగ్గర ఫిట్స్. పప్పు బకెట్ మీద పడ్డానట, నాకు గుర్తులేదు. ఇప్పటికీ ఏ పెళ్ళిలోనైనా ఆ ముచ్చటే.

తర్వాత సైకియాట్రిస్టు దగ్గర పద్నాలుగు నెలలు పట్టింది. కొంచెం తగ్గించడం, రెండు మూడు వారాలు అక్కడే ఆగడం, ఒళ్ళు సర్దుకున్నాక మళ్ళీ కొంచెం. తారీఖు వచ్చిందని తగ్గించలేదు, నేను తట్టుకుంటున్నానా లేదా అని చూసి తగ్గించారు. ఆల్ప్రజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది, అందుకే రెండు వేళల మధ్యలోనే లోటు తెలుస్తుంది. కొందరికి ముందు డయాజిపాంకి మార్చి తగ్గిస్తారు, అది నెమ్మదిగా దిగుతుంది. వయసులో పెద్దవాళ్ళకు అది పడుతుందో లేదో మీ డాక్టరే చెప్పాలి. మోతాదు లెక్కలు ఇక్కడెవర్నీ అడగొద్దు, నన్నైనా సరే.

నా అనుభవంలో మొదటి సగం సులువు. చివరి పావుముక్క దగ్గర చుక్కలు కనబడ్డాయి. తెల్లారి మూడింటికి లేచి ఫ్యాను చప్పుడు లెక్కపెట్టేవాణ్ణి. నిద్ర రాదేమోనన్న టెన్షనే సగం నిద్ర తినేసేది. మధ్యాహ్నం కునుకు మానెయ్యమని, రోజూ ఒకే టైముకి లేవమని డాక్టరు చెబితే నవ్వొచ్చింది, షిఫ్టు మనిషికి ఒకే టైమేంటని. ఆరు నెలలు జనరల్ షిఫ్టు రాయించుకున్నాను. అది మందు కన్నా ఎక్కువ పనిచేసింది.

డాక్టరు వెంటనే దొరక్కపోతే 14416కి చేయండి. టెలిమానస్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. తగ్గించేటప్పుడు ఫిట్స్ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా మాత్రం ఫోన్లు పెట్టుకోవద్దు, సీదా ఆసుపత్రికే.

---

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలైంది, ఏం జరిగిందో చెబుతాను.

సంచి బోర్లిస్తే కౌంటర్ వెనకాల గారన్నట్టే గ్యాసు మాత్ర ఒకటి బయటపడింది. డాక్టరు గారు దాని సంగతి కూడా లెక్కలోకి తీసుకున్నారు. పడిపోవడానికీ మతిమరుపుకీ ఇది కారణం కావచ్చు, తగ్గాక చూద్దాం అన్నారు. అమ్మతో "మీ తప్పేం లేదమ్మా, పదిహేను రోజులయ్యాక ఆపించాల్సింది మా డాక్టర్లమే" అన్నారు. ఆ ఒక్క మాటకే దారికొచ్చింది. నేను నెల రోజులు మొత్తుకున్నా ఇంత పని జరిగేది కాదు.

రాత్రిది కదపలేదు. ముందు మధ్యాహ్నం అరను పావు చేశారు. బ్లేడు నేను పడతానంటే అమ్మ ఇవ్వలేదు, నాయనమ్మ నాటి అడకత్తెర తీసింది. నిన్న మధ్యాహ్నం చాప మీద పేపరు పరిచి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, వక్క కత్తిరించినంత తేలిగ్గా టక్కుమనిపించింది. ఒక ముక్క మింగి, రెండోది రేపటికని డబ్బాలో వేసింది. పేపరు మీద రాలిన పొడిని వేలికి అద్దుకుని నోటిదాకా తీసుకెళ్ళి, నన్ను చూసి ఆగింది.

నేనేం అనలేదు. కాసేపు చూసి, వేలు కొంగుకి తుడుచుకుంది.