అప్‌డేట్: స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్‌లో మూడో గేరు జారడం

నా సైకిల్ వెనక చక్రంలో ఉన్నది స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ, అంటే మూడు గేర్లూ లోపలే ఉండే హబ్ (చక్రం నడిమి భాగం). మూడో గేరులో గట్టిగా తొక్కితే పెడల్ జారిపోతోందని అడిగాను కదా, సమస్య తీరింది. కేబుల్ తప్పు కాదు: రెండో గేరులో కుడి నట్టు కిటికీలోంచి చూస్తే ఇండికేటర్ రాడ్ (గేరు కేబుల్ లాగే సన్నటి కడ్డీ) భుజం, అంటే దాని లావు మారే చోటు, యాక్సిల్ చివరకు సరిగ్గా సమంగా ఉంది. హబ్ విప్పితే క్లచ్ (పెడల్ బలాన్ని లోపలి గేర్లకు అందించే శిలువ ఆకారపు ముక్క) నాలుగు చేతుల అంచులు గుండ్రంగా అరిగి కనిపించాయి. అందుకే ఒత్తిడి పడగానే పినియన్ పిన్నుల (లోపలి చిన్న పళ్ళచక్రాలు తిరిగే పిన్నుల) మీద నిలవక జారుతోంది. పిన్నులూ అరిగితే వాటినీ మార్చాలి, లేదంటే కొత్త క్లచ్ కూడా పాడవుతుంది.

విడి భాగాల కన్నా పాత ఏడబ్ల్యూ హబ్ మొత్తంగా కొనడమే మేలు. హబ్ పైన అచ్చేసిన పేరు చూసుకోండి, ఎస్‌డబ్ల్యూ (అదే కంపెనీ మరో రకం హబ్) భాగాలు ఇందులో పట్టవు. పాల్స్‌కు (హబ్‌లో ఒకే దిశలో పట్టుకునే చిన్న కొక్కేలకు) మాత్రం గ్రీజు వద్దు, పల్చటి ఆయిలే. గ్రీజు చిక్కబడితే ఆ సన్నటి స్ప్రింగులు వాటిని లేపలేవు.